శుద్ధ గోదావరి తోడు

నెల్లాళ్ళు తాళం పడిన ఇంట్లో పెరుగు తోడు ఎలా బతికింది?

రెబెక్క ఆ ప్రశ్న అడిగి పది నిమిషాలైంది. ఫ్యాక్టరీ యజమాని త్రినాథరావు వినిపించుకోలేదు. ఆయన భార్య లలితకుమారి విన్నది. విని, గుమ్మంలోంచి లోపలికి తప్పుకుంది.

"ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. గోడవతలి ఇంటి నుంచి రావడానికి అరగంట ఆలస్యమేవిటి?"

"మా అమ్మతోని లొల్లి సార్. ఉన్నది ఒక్కటే స్టీలు గిన్నె. ఎవరికో ఇచ్చింది, తిరిగి రాలే. ఎవరికిచ్చినవే అంటే నోరు విప్పదు."

"మీ అమ్మ ఎలీశమ్మ గిన్నె పోతే నా ఫ్యాక్టరీ ఆగాలా?"

అది 1969. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద రోజూ ఊరేగింపులు, కాలేజీలకు తాళాలు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడెక్కగానే ఆంధ్ర ప్రాంతపు త్రినాథరావు ఇంటికీ, వెనుకనున్న ఫ్యాక్టరీకీ తాళం వేసి కుటుంబంతో బెజవాడ వెళ్ళి, నెల తరువాత తిరిగి వచ్చాడు. వస్తూనే గేటుకు "ఇక్కడ స్థానికులకే ఉద్యోగాలు" అని బోర్డు కట్టించాడు. ఆ స్థానికులందరూ కలిపి, చూర్ణం చేసి పరీక్షించే రెబెక్క ఒక్కతే.

ఆయన అమ్మేది దధిప్రాణ చూర్ణం. "చెంచాకు యాభై కోట్ల సజీవ సూక్ష్మజీవులు, మా ముత్తవ్వ నాటి శుద్ధ గోదావరి తోడు నుంచి" అని లేబులు పలుకుతుంది. విరేచనాలతో వాడిపోయిన పసివాళ్ళకు తల్లులు ఆ లేబులును నమ్మి పట్టిస్తారు. లేబులు నిజమో కాదో చూడటానికి ఆ మధ్యాహ్నమే ప్రభుత్వ అధికారి వస్తున్నాడు. రెబెక్క పది సీసాలు పరీక్షించింది. తొమ్మిదింటి గాజు పళ్ళాలలో సూక్ష్మజీవుల చుక్క ఒక్కటైనా మొలవలేదు. పదో పళ్ళెం మాత్రం చిక్కగా పూసింది.

"తొమ్మిదింట్ల అన్నీ చచ్చినయి సార్. మనం పొయ్యి వేడి మీద ఆరబెడుతున్నం. పదోది అమ్మగారు నీడకు ఆరబెట్టిండ్రు, గందుకే బతికినయి."

"పొయ్యి కాదమ్మా, చెయ్యి! ఆ తొమ్మిదీ నీ చెయ్యి తగిలినవి. పదోది మా ఆవిడ మడి కట్టుకుని చేసింది. వంశం వంశమే! రిపోర్టులో అదే రాయి. దాని కిందే నీ రాజీనామా కూడా రాయి. బోర్డు కోసం ఇంకో స్థానికుణ్ణి వెతుక్కుంటాలే."

చేతి దోషమని తానే రాసి ఇచ్చిన మనిషికి ఏ ఫ్యాక్టరీ కూడా తలుపు తీయదు. రెబెక్క కాగితం ముందుకు లాక్కుంది.

"రాస్త సార్. కాని 'మూలం' అని ఒక గడి ఉన్నది. తోడు చూడకుండ ఆ గడి ఎట్ల నింపాలె?"

"లలితా! ఆ తోడు పట్రా!"

లోపల పాత్రలు గలగలమన్నాయి. "వేరే గిన్నెలోకి తీసి తెస్తానండీ!"

"కదిపితే పాడవుతుంది. ఉన్న గిన్నెతోనే తే!"

చాలాసేపటికి లలితకుమారి తడిగుడ్డ చుట్టిన గిన్నెతో వచ్చింది. "ఏవండీ, పాపం ఆ పిల్ల తప్పేమీ లేదేమో..."

"నువ్వూరుకో. రెబెక్కా, గిన్నె ముట్టుకోకు!"

ఆయనే చెంచాతో ఒక బొట్టు తీసి గాజు పలక మీద వేశాడు. రెబెక్క సూక్ష్మదర్శినిలోకి వంగింది. పదో సీసాలోని పొడవాటి కడ్డీలే ఇక్కడా ఉన్నాయి, అదే గొలుసుకట్టుగా.

"రెండూ ఒక్కటే సార్."

"చూశావా!" త్రినాథరావు మరో చెంచా తీసి నాలుక మీద వేసుకుని చప్పరించాడు. "మా ముత్తవ్వ చేతి రుచి! బెజవాడ నుంచి వచ్చిన ఈ నాలుగు నెలలూ నా కడుపు కాపాడింది ఇదే. ఇలాంటిది మీ ఇళ్ళల్లో పుడుతుందా?"

గుడ్డ లాగేసి, గిన్నెను హారతి పళ్ళెంలా నెత్తికంటె పైకి ఎత్తాడు. లలితకుమారి కళ్ళు మూసుకుంది.

రెబెక్క తల ఎత్తి చూసింది. కలం మూత తీసి, 'మూలం' గడి దగ్గర ఆగింది.

గిన్నె అడుగున చెక్కిన పేరు మీరే చదవండి: ఎలీశమ్మ.