చేదు లేని గుళిక

గౌరవనీయులైన డాక్టర్ వెడర్‌బర్న్ గారికి,

సెరసీ కాకర సారంతో మధుమేహం తగ్గదని తేల్చి, పరీక్షను ముగించి మీరు కింగ్‌స్టన్ వెళ్లిపోతున్నారని తెలిసింది. మందు గుళిక మింగినవారికంటే పోలిక కోసం ఇచ్చిన మందు లేని పిండి గుళిక మింగినవారికే చక్కెర ఎక్కువగా తగ్గిందట. దయచేసి ఒక్క క్షణం ఆగండి.

ఎవరికి ఏ గుళిక దక్కిందో తెలియకూడదన్నది మీ నియమం. కాని మొదటి రోజే, ఆసుపత్రి మెట్ల మీద, మా పొరుగింటి మిస్ ఐవరీన్ తన గుళికను విప్పి పొడిని నాలుకపై వేసుకుంది; ఆమెను చూసి మేమంతా అలాగే చేశాము.

"ఇదేం మందు మాస్టారూ, చుక్క చేదు లేదు! డాక్టరు బాబు నాకు పిండి పెట్టి పంపాడు. మీదో?"

"నాది విషంలా ఉందమ్మా."

"ఇంకేం, అదృష్టవంతులే! మీరు నా కొబ్బరి బిళ్లలు తినండి. మేం కంచె మీది సెరసీ కాచుకుని చస్తాం."

నాటినుండి చేదు తగలనివారందరూ రోజూ ఆమె ఇంట చేరి చెంబెడేసి కషాయం తాగుతున్నారు. చేదు తగిలిన మేము మందున్నదన్న ధైర్యంతో ఎవరింట్లో వాళ్లం కొబ్బరి బిళ్లలు తింటున్నాము. కాబట్టి ఓడినది సెరసీ కాదు, మేము.

మళ్లీ పరీక్ష పెట్టండి. ఈ ఉత్తరాన్ని ఆసుపత్రి వరండాలో అందరికీ బిగ్గరగా చదివి వినిపించండి. ఈసారి నాకు పిండి గుళికే ఇప్పించమన్న ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం, ఐవరీన్ తన ఇంటికి వెళ్లిపోయాక చదవండి.