సముద్రం కనపడే గది

ఫోనెత్తిన మనిషి "ఎవలు మాట్లాడేది?" అన్నాడు.

మహిమ ఆశ్చర్యపోయింది. ఆమె కాగజ్‌నగర్ నుంచి ఫోన్ చేసింది చీరాల అవతల ఓ చిన్న సముద్రపు ఊళ్లోని లాడ్జికి. అండీ, గారూ వినిపిస్తాయనుకుంటే సొంత మేనమామ పలికినట్టుంది.

"కాకా, మీదే ఊరు?"

"పెద్దపల్లి బిడ్డా. నా పేరు దశరథం. పదేండ్లాయె, ఈ లాడ్జి చూసుకుంట ఈడ్నే ఉంటున్న."

అంతే. అప్పటిదాకా నాలుగు లాడ్జీలను నలభై ప్రశ్నలతో చంపుకు తిన్న మహిమ, ఇక్కడ మెత్తబడిపోయింది. మనోడే!

"మా అవ్వకు సముద్రం చూపియ్యాలె కాకా. మోకాళ్లు పనిజేస్తలేవు. మెట్లెక్కదు."

వెనక నుంచి తల్లి బుచ్చవ్వ అందుకుంది. "చూసుడొక్కటే గాదు, నీళ్లల్ల కాళ్లు వెట్టాలె. యాభై ఏండ్ల సంది గుడిల పాస్టరు సముద్రం ముచ్చటే చెప్పవట్టె. ఒక్కనాడన్న తొక్కకపోతే ఎట్ల?"

అవతల దశరథం నవ్వాడు. "తీసుకరాండ్రి అవ్వను. కింద మూలకు ఒక గది ఉన్నది. మంచం మీదికెల్లే సముద్రం కనవడతది. మూడు రోజులు అది మీదే. నా మాట."

"రసీదేమన్న పంపుమను," అన్నాడు మహిమ భర్త ఫిలిప్. పేపర్ మిల్లులో పని ఆయనకు. కాగితం లేనిదే ఏదీ నమ్మడు.

"మనోనితోటి రసీదేంది?" అని మహిమ కసిరింది.

ఆ పదిహేను రోజులూ ఏ అనుమానమొచ్చినా దశరథానికే ఫోన్. ఏ బండెక్కాలో, అవ్వకు ఏ పక్క సీటైతే ఎండ తగలదో, దిగాక ఆటో ఎక్కడ దొరుకుతుందో అన్నీ ఆయనే చెప్పాడు. తనకోసం ఒక్కటే అడిగాడు.

"సకినాలు తిని ఏండ్లయింది బిడ్డా. జర నాలుగు తెస్తరా?"

మహిమ డబ్బా నిండా చేసింది.

తీరా వెళ్లేసరికి లాడ్జి ముందు పెళ్లి బస్సు ఆగి ఉంది. మూల గది కిటికీకి ఎవరివో తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

దశరథం అరవై దాటిన బక్క మనిషి. తలెత్తి చూడలేదు.

"జర గడబిడ అయింది బిడ్డా. ఓనరు..." అని ఆగిపోయాడు. "ఎనుక ఇంకో గది ఉన్నది. సర్దుకోండ్రి."

వంటింటి వెనక గది అది. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. దుప్పటి ఉతికిందే, రంగు మాత్రం వెలిసిపోయింది. మేకుకు ఎవరిదో చొక్కా, దాని పైన కొండగట్టు అంజన్న పటం.

మహిమకు ఏడుపొచ్చింది. పరాయివాడు మోసం చేస్తే ఇంత మండేది కాదు.

"దేవుని పటం వెట్టుకొని మోసం జేస్తవా? మా తీరుగ మాట్లాడి మమ్మల్నే ముంచుతవా?" అంది, కాకా అన్న నోటితోనే.

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

పెళ్లిళ్ల రోజులు. మరెక్కడా కింది గది దొరకలేదు. ఆ పూటకు అక్కడే పడుకున్నారు.

తెల్లారేసరికి దశరథం ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొని గుమ్మం ముందు నిలబడ్డాడు. చొక్కా నిండా ఇసుక.

"అవ్వను ఈ కుర్సీల కూసోవెట్టుండ్రి. నేనొక దిక్కు, తమ్ముడొక దిక్కు పట్టుకుంటే నీళ్లదాక మోస్కపోతం."

"మా అవ్వను మేమే మోసుకుంటం. నువ్వు జరుగు."

మహిమా, ఫిలిప్పూ మోశారు. ఇసుకలో ఇరవై అడుగులు వేశారో లేదో ఫిలిప్ నడుం పట్టేసింది. కుర్చీ దింపేశారు. పడవల సందులోంచి నీలంగా ఓ ముక్క కనిపించింది.

"సాలు బిడ్డా. కనవడ్డది," అంది బుచ్చవ్వ. విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది.

ఆ రోజే తిరుగు బండెక్కారు. సకినాల డబ్బా కూడా వాళ్లతోనే వెనక్కి వచ్చింది.

బండిలోనే మహిమ ఫోన్ తీసి ఆ లాడ్జి పేరు కింద లోకమంతా చదివేలా రాసింది. "దశరథం అనే మనిషి మోసగాడు. ఎవరూ నమ్మకండి."

రెండు రోజులకు ఓనరు జవాబిచ్చాడు. "ఆ మనిషిని పనిలోంచి తీసేశాం."

"మంచిగైంది," అంది మహిమ. కడుపు చల్లబడింది.

వారం తర్వాత చూస్తే బుచ్చవ్వ శాలువా కనిపించలేదు. మహిమ లాడ్జికి ఫోన్ చేసింది. కొత్త గొంతు పలికింది.

"శాలువానా? ఉందమ్మా. ఉతికి మడతపెట్టి, 'కాగజ్‌నగర్ అవ్వది' అని చీటీ కూడా పెట్టి ఉంది. దశరథం గారు వెళ్లిపోతూ ఇచ్చారండీ."

అయినా మహిమ కోపం పూర్తిగా చావలేదు.

"యాడికి వోయిండు?"

"ఎవరికీ చెప్పలేదమ్మా. ఆ ఫోన్ కూడా లాడ్జిదే కదా, ఇక్కడే పెట్టేసి పోయారు."

"పోనియ్యి. గా గుడ్డి గది ఇంకెవలకన్న ఇయ్యకుండ్రి."

"ఏ గదండీ?"

"వంటింటెనుకది. అంజన్న పటం ఉన్నది."

పక్కన బుచ్చవ్వ ఆ డబ్బాలోంచే సకినం తీసుకొని విరుచుకుంటోంది.

"అది అద్దెకిచ్చేది కాదమ్మా," అన్నాడతను. "మీ గది ఓనరు పెళ్లివాళ్లకిచ్చేసి మిమ్మల్ని గేటు దగ్గర్నుంచే పంపెయ్యమంటే, పెద్దావిడ నీళ్లు తొక్కకుండా తిరిగిపోకూడదని దశరథం గారు మీకిచ్చి, తాను ఇసుకలో పడుకున్నారు. అది ఆయన సొంత గది."