నలభై ఒక్క పళ్ళ గేరు

జెస్సికా బొమ్మ మీద లక్ష్మీకాంత్ మాస్టారు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

"చిన్న గేరుకి ఇరవై పళ్ళు. దాన్ని పట్టుకున్న పెద్ద గేరుకి నలభై ఒకటా? నలభై వేస్తే సరిగ్గా రెండింతలయ్యేదిగా! పదో తరగతికొచ్చి ఈపాటి లెక్క తెలీదా?"

"మా నాన్న షెడ్డులో విప్పిన గేరుకి నలభై ఒకటే ఉన్నయ్ సార్. లెక్కపెట్టే గీశా."

"మీ నాన్న ఆటోనగర్లో గేర్లు విప్పుతాడు. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఎవరి మాట వినాలి?"

జెస్సికా తలొంచుకుంది.

పటమటలో ఆ ప్రైవేటు స్కూల్లో ఆ రోజు బొమ్మల పోటీ. 'వస్తువుల తయారీలో లెక్కలు' అన్నది విషయం. పంపులు చేసే కంపెనీ ఒకటి పెట్టించింది. గెలుపెవరిదో తేల్చేది లక్ష్మీకాంత్ మాస్టారే. గెలిచినవాళ్ళకి షీల్డు ఇస్తారు. షీల్డుదేముంది, అసలు బహుమతి వేరే ఉంది. కంపెనీ వాళ్ళ ట్రైనింగు సెంటర్లో మూడేళ్ళ చదువు, తిండీ బసా ఉచితం, ఆపైన ఉద్యోగం.

ఆ సీటు వస్తే జెస్సికా చదువుతుంది. రాకపోతే జూన్ నుంచి బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టుకి పోతుంది. ఈ సంగతి వాళ్ళ నాన్న ఫిలిప్ స్వయంగా వచ్చి, చేతులు కట్టుకుని చెప్పి వెళ్ళాడు.

మాస్టారికి తెలిసిన సంగతి ఇంకొకటుంది. కరస్పాండెంటు రామకోటేశ్వరరావు గారి మనవడు చక్రి కూడా పోటీలో ఉన్నాడు.

చక్రి బొమ్మ కళ్ళు చెదిరేట్టుంది. బంగారు రంగు రోబో, దాని గుండెలో మూడు గేర్లు. సగం రంగులు డ్రాయింగు టీచరు వేసినవేనని పిల్లలందరికీ తెలుసు. తెలిసినా ఎవరంటారు?

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. వెలిసిన చొక్కా, గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని నలుపు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది.

"బొమ్మలు చూడొచ్చా అండీ?"

"పేరెంట్సుకి మధ్యాహ్నం."

"నేను పేరెంటుని కాదండీ."

"అయితే మధ్యాహ్నం కూడా రానక్కర్లేదు."

ఆయన వినిపించుకున్నట్టు లేదు. చక్రి బొమ్మ ముందు ఆగాడు.

"ఇది తిరగదండీ."

"ఏంటి తిరగనిది?"

"మూడు గేర్లూ ఒకదాన్నొకటి పట్టుకున్నయ్. ఒకటి ఇటు తిరిగితే పక్కది అటు తిరగాల. మరి మూడోది ఎటు తిరుగుద్ది? బిగుసుకుపోద్దండీ."

"అది ఆర్టయ్యా బాబూ! తిరగక్కర్లేదు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో మాస్టారికి అర్థం కాలేదు.

ముసలాయన జెస్సికా బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. సగం వేలితో ఒక్కో పన్నూ లెక్కపెట్టాడు.

"ఈ సున్నా ఎవరు చుట్టారండీ?"

"నేనే. తప్పు కాబట్టి."

"తప్పు కాదండీ. నలభై అయితే ఎప్పుడూ ఆ పన్నుకి ఆ పన్నే తగులుద్ది. ఒక పన్ను చెడ్డదైతే ఎదటిదాన్ని అక్కడే తినేస్తది. ఒకటి ఎక్కువ వేస్తే అన్నీ అన్నిటికీ తగుల్తయ్. అరుగుదల అందరికీ సమానం. బండి పదేళ్ళు ఎక్కువ బతుకుద్ది."

మాస్టారికి మనసులో లెక్క తేలిపోయింది. ముసలాయన చెప్పిందే నిజం. కానీ నలుగురు పిల్లల ముందు ఒప్పుకోవడం ఎలా?

"ఏం చదివావు నువ్వు?"

"నాలుగో తరగతండీ. అదీ సగమే."

"పేరు?"

"శౌరయ్య అంటారండీ."

"ఓహో! ఫిలిప్, జెస్సికా, శౌరయ్య. ఇప్పుడర్థమైంది. రికమెండేషనుకి పంపాడా ఫిలిప్? ఆ పిల్ల నీకేమవుద్ది? మనవరాలా?"

ముసలాయన మొహం మాడిపోయింది.

"ఆ పిల్లెవరో నాకు తెలీదండీ. లెక్క తెలిసిన పిల్లని మాత్రం తెలిసింది."

"మీ చర్చిలో చూసుకోండయ్యా ఇలాంటివి. వాచ్‌మన్! ఈయన్ని గేటు దాటించు."

"దాటించక్కర్లేదండీ, పోతన్నా. చదువుకున్నోళ్ళు, మీకు నేను చెప్పేదేముంది!"

మధ్యాహ్నం మాస్టారు ఫలితాలు చెప్పారు. చక్రికి మొదటి బహుమతి. అందరితో పాటు జెస్సికా కూడా చప్పట్లు కొట్టి, తన చార్టుని చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు సీటు సంగతి ఎత్తితే, రామకోటేశ్వరరావు గారు మనవడి భుజం తట్టారు.

"సీటా? మావాడికెందుకండీ ఆ సుత్తీ శానం చదువు! ఐఐటీ బ్యాచ్‌లో ఎప్పుడో చేర్పించాం. షీల్డు చాలు. ఫోటో మాత్రం బాగా తీయించండి."

మాస్టారికి జెస్సికా చుట్టుకెళ్ళిన చార్టు గుర్తొచ్చింది. కారెక్కబోతున్న కంపెనీ అధికారి మనోజ్ఞ దగ్గరికి పరిగెత్తారు.

"మేడమ్, ఆ సీటు జెస్సికా అనే అమ్మాయికి మార్చండి. చక్రికి అక్కర్లేదట."

"పేరు ఎక్కాక మార్చడం కుదరదు సార్. వద్దంటే సీటు పోయినట్టే."

"అంత పెద్ద కంపెనీ! ఇంకో సీటు ఇవ్వడం మీకో లెక్కా?"

"అసలు ఈ సీటు కంపెనీ ఇచ్చింది కాదు సార్. మా దగ్గర రిటైరయ్యే మేస్త్రీకి ఇంట్లో పిల్లల కోసం ఒకే ఒక్క సీటు ఉంటుంది. ఒకాయన తన సీటుని ఈ పోటీకి ఇస్తానని యాజమాన్యాన్ని బతిమాలి ఒప్పించారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు. చెబితే పెద్దవాళ్ళు వెంటపడతారట."

"ఆయన ఎక్కడుంటారో చెప్పండి. నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

మనోజ్ఞ ఆయన వంక అదోలా చూసింది.

"పొద్దున ఇక్కడికే వచ్చారు కదా సార్! 'మాస్టారు చదువుకున్నాయన, ఆయన ఎవరంటే వాళ్ళకే' అని గేటు బయటే సీటు కాగితం మీద సంతకం పెట్టేసి పామర్రు బస్సెక్కారు, ఒక్కగానొక్క మనవరాలు ఏడ్చి అడిగినా ఇవ్వకుండా ఆ సీటు మీ పిల్లల కోసం ఉంచిన మా శౌరయ్య మేస్త్రీ గారు."