పనిమనిషి గది

ఫైనలియర్ పరీక్షకు రంపం సారు వస్తున్నాడని తెలియగానే క్లాసు క్లాసంతా నీరుగారిపోయింది. ఆమెకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఆయన పేరుమోసిన ఆర్కిటెక్ట్. ఊళ్ళో సగం మేడలు ఆయన గీసినవే. స్టూడెంట్ల డ్రాయింగులను అందరి ముందూ కోసి పారేస్తాడని కాలేజీలో ఆ పేరు పెట్టారు. ఆ మనిషి ఎదుట నిలబడే రోజు కోసం ఆమె ఐదేళ్ళుగా పంటి బిగువున కాచుకుని ఉంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ముందురోజు ఆమె ప్లాను చూసి లెక్చరర్ మేడమ్ తల పట్టుకుంది. హాలు బాగుంది, పడకగదులు బాగున్నాయి, వంటింటి వెనక ఈ పనిమనిషి గదేమిటని అడిగింది. ఆరడుగులకు ఐదడుగులు. కిటికీ లేదు. మార్చెయ్యమ్మా, నిన్ను నమిలేస్తాడని బతిమాలింది.

ఆమె తలూపింది. ఒక్క గీత కూడా మార్చలేదు.

పరీక్ష హాల్లో రంపం సారు ఆ షీటు ముందు అరనిమిషం ఆగాడు. ఎర్ర పెన్ను తిన్నగా వంటింటి వెనక్కే వెళ్ళింది.

"ఇందులో ఎవరుంటారు?"

"పనిమనిషి, సర్. ఆవిడకో కూతురు కూడా ఉండొచ్చు."

"గాలెట్నుంచి వస్తుంది?"

"తలుపు తెరిస్తే వస్తుంది, సర్."

"మూస్తే?"



ఇక ఆయన అందుకున్నాడు. గోడలు లేపడం తాపీమేస్త్రీకీ వచ్చన్నాడు. ఆ గోడల మధ్య బతకబోయే మనిషిని ముందే చూడగలిగినవాడే ఆర్కిటెక్ట్ అన్నాడు. ఆ మనిషి కాళ్ళెక్కడ చాపుకుంటుంది, జ్వరమొస్తే ఎక్కడ పడుకుంటుంది, వంటింటి పొగ ఎటు పోతుంది, ఇవేవీ పట్టనివాళ్ళకు పెన్సిలెందుకని దులిపేశాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"యజమానే హాలు పెద్దది కావాలి, ఈ గది తగ్గించమంటే, సర్?"

"అంటాడు. కుదరదని చెప్పడానికే నువ్వున్నది. చెప్పకపోతే ఆ పాపం నీది."

"అదే షీటు మీద రాసివ్వండి, సర్."

ఆయన ఎగాదిగా చూశాడు. పొగరనుకున్నాడు. అంత ముచ్చటగా ఉంటే కానిమ్మని, ఎర్ర సిరాతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాశాడు: 'ఈ గది మనుషులు ఉండటానికి పనికిరాదు. ఇందులో ఎవరి ప్రాణానికి ఏం జరిగినా గీసినవాళ్ళదే బాధ్యత.' కింద సున్నా చుట్టి, తేదీ వేసి, సంతకం గిలికాడు.

వరండాలో మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చేతులారా ఏడాది పోగొట్టుకున్నావు కదే అంది.

"పోనీండి మేడమ్. ఏడాదే కదా," అంది ఆమె, షీటు నలగకుండా చుడుతూ.

మర్నాడు కోర్టులో, కిటికీ లేని పనిమనిషి గదిలో ఊపిరాడక చనిపోయిన వాళ్ళమ్మ కేసు పిలవగానే, ఆమె లాయరు జడ్జిగారి ముందు రెండు షీట్లు పక్కపక్కన పరిచాడు, ఒకటి నిన్న సున్నా వచ్చిన నకలు, ఒకటి ఇరవై ఏళ్ళనాటి అసలు ప్లాను, రెంటిలో గీతలూ ఒకటే, కింద సంతకమూ ఒకటే.