ఎండలో రంగు

“పాపా, ఆ డబ్బా పక్కకి తీయి. ఈడ నేను తింటాండా.”

హిందూపురంలో రైలెక్కిన లక్ష్మీకాంత శెట్టి కాసేపటి కిందట తనే అడిగాడు, ఎదుటి సీటు అమ్మాయి ఒళ్లో ఆ నల్ల డబ్బా ఏమిటని. సాహితి చెప్పింది. బి12 విటమిన్ కోఎంజైమ్ స్ఫటికం, గాజు గొట్టంలో నీళ్ల మధ్య, ఎర్రగా జొన్నగింజంత. సూక్ష్మక్రిములను పెంచి ఆ పదార్థం తీస్తారు. పూర్వం పశువుల కాలేయంలోంచి తీసేవారు. అంతే, ధర్మవరంలో పట్టుచీరలమ్మే శెట్టి తింటున్న బొరుగుల ఉగ్గాణి పొట్లాన్ని వెనక్కి లాక్కున్నాడు.

“థూ. ఇట్లాంటివి మోసేదానికా చదువుకునేది?”

“ఎనిమిది నెలలు పెంచినా దీన్ని,” సాహితి ఆయన నూనె వేళ్లవైపు అంతే రోతగా చూసింది. “రేపు బొంబాయి రియాక్టర్లో దీని మీదికి న్యూట్రాన్లు పంపుతారు. లోపల ఏ హైడ్రోజన్ యాడ ఉండాదో తెలుస్తాది. ఇది చెడితే నా పీహెచ్‌డీ పోయినట్లే.”

“ఏదీ, చూపీ.”

“ఎండ తగిలితే చెడిపోతాది. చుట్టూ ఉండే నీళ్ల రంగు కూడా మారిపోతాది. చీకట్లోనే ఉండాల.”

శెట్టి పెదవి విరిచాడు. పట్టు కొనేవాడు చీరను వాకిట్లోకి తెచ్చి ఎండలో రంగు చూస్తాడు. చీకట్లో దాచి అంటగట్టే సరుకు ఎలాంటిదో ముప్పై ఏళ్లుగా ఆయన చూస్తూనే ఉన్నాడు.

పెనుకొండ దాటాక సాహితికి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఒళ్లో డబ్బా లేదు. శెట్టి చేతిరుమాలు చుట్టుకున్న రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు, డబ్బాలోని గాజు గొట్టాన్ని కిటికీ ఎండలోకి ఎత్తి చూస్తున్నాడు.

“ఎంతసేపాయె?” ఆమె గబుక్కున లేచింది.

“అర్ధగంట ఉంటాది.”

ఏడుపూ అసహ్యమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. సాహితి గొట్టం లాక్కుంది. “మీరు మనిషేనా? అంత చెప్పినా అర్థం కాలేదా?”

“ఏడ్చేదెందుకు పాపా? ముందెట్లుండాదో ఇప్పుడూ అట్లే ఉండాది. నీళ్లు కూడా ఇసుమంత మారలే. గట్టి రంగు.”

సాహితి కళ్లు తుడుచుకుని చూసింది. నిజమే, మారలేదు. అసలైనదైతే ఈపాటికి మారి తీరాలి. మందుల షాపులో దొరికే మామూలు బి12 కూడా ఎర్రగానే ఉంటుంది, కానీ అది ఎండకు ఇంత తొందరగా మారదు.

“ఇది నేను పెంచింది కాదు. మార్చేసినారు,” అంది నెమ్మదిగా.

శెట్టి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఈ డబ్బా ఎవరు కట్టిచ్చినారు నీకు?”

“మా గైడు సార్. నిన్ననే విమానంలో బొంబాయికి పోయినాడు.”