మొగుడి పథ్యం

"కాంటీన్ మాస్టరుకి మన వరదన్నంటే ప్రాణం వదినా. అడక్కుండానే ఇంకో పరోటా వేస్తాడు" అన్నాడు చెంగల్రాయన్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మేట్టుపాళయం కంపెనీ గోడౌన్లో వరదరాజన్‌తో కలిసి పనిచేసే మనిషి అతను. ఏదో పనిమీద రెడ్డియార్‌పాళయం వచ్చి, మజ్జిగ తాగిపోదామని ఆగాడు. వరదరాజన్ పెళ్ళాం సౌభాగ్యం గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపం, ఆ మజ్జిగ తాగే ధైర్యం చాలక అతను బండెక్కాడు.

ఆమెకు మండిందంటే మండదా మరి. రెండు నెలల కిందట డాక్టర్ హేమమాలిని వీధి చివర ఉచిత పరీక్షలు పెడితే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రక్తం ఇచ్చి వచ్చారు. ఫలితం కనుక్కోవడానికి వరదరాజన్ ఒక్కడే పోయాడు. ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"నాకు షుగర్ ఉండాదంట. నీకేం భయం లేదులే. ఇప్పుడే మొదలంట, మూడు నెలలు అన్నం తగ్గిస్తే దిగతాదంట. దిగకుంటే మాత్రలే."

సౌభాగ్యం ఏడవలేదు. కొంగు దోపుకుంది. మాత్రలు తన గడప తొక్కితే పేరు మార్చుకుంటానని పక్కింటి రుక్మణి దగ్గర శపథం చేసింది. పొద్దున్నే బేకరీ నుంచి వచ్చే రొట్టె ఆగిపోయింది. కాలీఫ్లవర్ తురిమి ఉప్మా చేసింది. మునగాకులో గుడ్లు కొట్టి వేయించింది. చేపల పులుసులోకి అన్నానికి బదులు ఉడికించిన బీన్స్ పెట్టింది. మొగుడు నోరు కట్టుకుంటే తను పెరుగన్నం కలుపుకుని కూర్చుంటుందా? ఆయన తినేదే తనూ తింది.

ఇదే సౌభాగ్యానికి మోకాళ్ళ నొప్పులని, అన్నం తగ్గించమని డాక్టర్ హేమమాలిని ఎన్నిసార్లు చెప్పిందో. అక్కడ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి నిమ్మకాయ ఊరగాయతో పెరుగన్నం తినేది. నా ఒళ్ళు నాకు తెలీదా అనేది. తన కోసం పుల్ల కూడా పక్కకు జరపని మనిషి, మొగుడి కోసమైతే కొండనైనా జరుపుతుంది.

మొదట్లో అతి చేసింది కూడా. సామలు, పప్పు, పండు అన్నీ ఒక్కసారిగా మానిపించింది. నాలుగు రోజులకే కొళాయి దగ్గర తల తిరిగి తనే కూలబడింది. వరదరాజన్ ఆమెను ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ చీవాట్లు పెట్టింది. అన్నం తగ్గించమంటే తిండి మానమని కాదంది. ఉన్నట్టుండి అంతా ఆపేస్తే తలనొప్పి, కళ్ళు తిరగడం, మలబద్ధకం తప్పవంది. మాత్రలు వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు అడగకుండా ఈ పథ్యం జోలికే పోకూడదంది. పూటకో గరిటె సామన్నం, పప్పు, ఆకుకూరలు తినమని, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపింది.

"తల తిరిగింది నాకు. వణికేది మీరా?" అని దారిలో మొగుణ్ణి ఆటపట్టించింది సౌభాగ్యం.

ఆ తర్వాత అంతా బాగానే సాగింది. ఆమె ఉతికిన బట్టల బకెట్ తీసుకుని ఆగకుండా మిద్దె ఎక్కుతోంది. జాకెట్లు వదులయ్యాయి. వరదరాజన్ పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంది. షుగర్ తగ్గేది లోపల గదా, బయటికి కనబడుతుందా అని ఆమె తనకు తనే సర్దిచెప్పుకుంది. అసలు సంగతి ఈ పరోటా అన్నమాట.

సాయంత్రం వరదరాజన్ వచ్చేసరికి పొయ్యి మీద పొన్ని బియ్యం ఉడుకుతోంది.

"ఏంది ఇది?"

"అన్నం. మీకు పరోటా, నాకు అన్నం. ఎవరికోసరం నేను నోరు కట్టుకునేది?"

అతను బొంకలేదు. పొయ్యి ఆర్పేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాదే. ఇంక పరోటా ముట్టను, నీ మీద ఒట్టు. నువ్వు మాత్రం ఇది ఆపొద్దు సౌభాగ్యం. ఇంకొక నెల."

పరోటా కోసం ఏడ్చే మగవాణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. మనసు కరిగిపోయింది. మర్నాటి నుంచి క్యారియర్ కట్టిచ్చి, కాపలాకు చెంగల్రాయన్‌ను పెట్టింది. నెల తిరిగేసరికి మళ్ళీ పరీక్ష. సూదంటే భయం, తోడుకు నువ్వూ ఇవ్వమని వరదరాజన్ బతిమాలితే, నవ్వుకుంటూ తనూ చెయ్యి చాచింది.

ఫలితం వచ్చే రోజు పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళింది. డాక్టరమ్మ కాగితం చూసి తల ఎత్తింది.

"దిగింది. మాత్రలతో పని లేదు. ఇట్లాగే జాగ్రత్తగా ఉంటే చాలు."

సౌభాగ్యం కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇంత గర్వం ఆమెకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

"ఈయన పరోటాలు తిన్నా దించినాను డాక్టరమ్మా. కష్టమంతా నాది, పేరు ఈయనది" అంటూ అక్కడి నుంచే రుక్మణికి ఫోన్ కలపబోయింది.

డాక్టరమ్మ వరదరాజన్ వైపు తిరిగింది.

"మూడు నెలలు ఆగమన్నారు, నాకు ఇష్టం లేకపోయినా ఆగినాను. ఇప్పుడు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

వరదరాజన్ పెళ్ళాం చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకున్నాడు. ఆమె ముఖంలోకి చూస్తుంటే అతనికీ గర్వం ఆగలేదు.

"ఆ షుగర్ నాది కాదు సౌభాగ్యం, నీది."