విషమించిందన్న మాట

మడుగు ఎండుతున్న కొద్దీ కప్ప తాత గొంతు పెరిగింది. రోజూ పొద్దున్నే నడిమి బండెక్కి, "పరిస్థితి విషమించింది" అని చాటేవాడు. కప్పలన్నీ తలలూపి, నిట్టూర్చి, మళ్లీ బురదలో పడుకునేవి.

పీతమ్మకు ఆ మాట కొత్త. "విషమించడమంటే ఏంటి తాతా?" అని అడిగింది.

"నిన్నటికన్నా ఇవాళ అధ్వాన్నం. ఇవాళ్టికన్నా రేపు ఇంకా అధ్వాన్నం."

"అంటే ఇంకా అయిపోలేదన్నమాట."

"అర్థం అడిగి వంకలు పెడతావేమే పిల్లా" అని తాత విసుక్కున్నాడు.

పీతమ్మ మాత్రం ఆ మాటను వదల్లేదు. అయిపోయినదాన్ని విషమించిందని ఎవరూ అనరు కదా. అందుకే తాత ఆ మాట అన్న ప్రతి పొద్దూ, బండ పక్కన తన బొరియను జానెడు లోతు తవ్వింది. డెక్కలు అరిగినా ఆపలేదు.

పదకొండో పొద్దున తాత బండెక్కి నోరు తెరిచాడు. మాట బయటికి రాకముందే బొరియలోంచి చల్లటి ఊట తన్నుకొచ్చి, బండ చుట్టూ పారింది. కప్పలన్నీ గెంతుకుంటూ వచ్చి అందులో పడ్డాయి.

తాత తెరిచిన నోరు మూయలేదు. "ఇప్పుడేమనాలే పిల్లా?"

నీళ్లలో తేలుతూ పీతమ్మ అంది: "మాట తర్వాత చూద్దాం తాతా. ముందు ఆ బండ దిగు."